గేటు బయట గడ్డిమోపు

పశువును వదిలిపెట్టడానికి వచ్చిన మనిషి ముందు పశువు వైపు చూడడు. మన ముఖం చూస్తాడు. వీడు తిడతాడా, ప్రశ్నలు వేస్తాడా, నోరు మూసుకుని పగ్గం అందుకుంటాడా అని అంచనా వేసుకుంటాడు. ఆ తరవాత పశువు వయసు రెండేళ్ళు ఎక్కువ చేసి చెబుతాడు. మెడలో పలుపు విప్పి చంకలో పెట్టుకుపోయేవాళ్ళు కొందరు, పలుపుతో సహా వదిలేసి గబగబా నడిచిపోయేవాళ్ళు కొందరు. వెనక్కి తిరిగి చూసేవాళ్ళు తక్కువ. ఒకసారి వదిలాక మళ్ళీ చూడడానికి వచ్చేవాళ్ళు ఇంకా తక్కువ. నేను పశువుల శాలలో పనిచేసిన మూడేళ్ళలో అట్లా వారం వారం వచ్చిన మనిషి ఒక్కతే.

పశువైద్య శాఖలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడూ మా ఇంటికి వస్తుంటారు. సర్వీసులో గొప్ప కేసు ఏదైనా చెప్పండి సార్ అంటారు. అటువంటివి రెండో మూడో ఉన్నాయి. చెప్పడం సులువు కాబట్టి చాలాసార్లు చెప్పేశాను, ప్రతిసారీ కొంచెం పెంచి కూడా చెప్పాను. ఇది మాత్రం వాళ్ళలో ఎవరికీ చెప్పలేదు. ఇందులో పెంచడానికి ఏమీ లేదు.

రెండో ప్రపంచ యుద్ధం ఇంకా నడుస్తున్న రోజులు. చిత్తూరు పశువుల ఆసుపత్రిలో ఏడాది కాంపౌండరుగా చేసిన నన్ను తిరుచానూరు దాటాక పుత్తూరు దారిలో ఉన్న ఒక పశువుల శాలకు పంపారు. ముసలివీ, కుంటివీ, మొక్కుబడికి తెచ్చి దేవుడి పేరు చెప్పి వదిలేసినవీ అక్కడ ఉండేవి. ఎక్కువగా ఆవులూ ఎద్దులూ. ఒక చాకలి గాడిద, కళ్ళు పోయిన జట్కా గుర్రం కూడా ఉండేవి. ధర్మకర్తలు ఊళ్ళో పెద్దమనుషులు, నెలకోసారి వచ్చి చూసిపోయేవారు. పశువైద్యుడు వారానికి ఒక పూట. మిగతా రోజుల్లో గేటులోపల పెద్ద నేనే. అప్పటికి నాకు పాతికేళ్ళు లేవు.

నిజానికి శాలను నడిపింది నేను కాదు, పెద్ద కాపరి. అరవై దాటిన మనిషి, చదువు లేదు. పొద్దున్నే శాల ఒక చివర నుంచి ఇంకో చివరకు నడిచి వెళ్ళేవాడు, దేన్నీ ముట్టుకోకుండా. తిరిగి వచ్చి, 'ఆ బోడావు రేత్రి నెమరేయలేదు సామీ' అనేవాడు. నేను వెళ్ళి థర్మామీటరు పెట్టి చూస్తే జ్వరం ఉండేది. ఎలా తెలిసిందంటే, 'అది నన్ను సూసి తల తిప్పలేదు గదా' అనేవాడు. నాకు ఆయన మీద గౌరవం ఉండేది. అయితే ఆ గౌరవం ఆయన మాట నా పనికి అడ్డురానంత వరకే.

ఆ ఏడు వానలు లేవు. చెరువుల్లో నెర్రెలు. వడమాలపేట నుంచీ పుత్తూరు నుంచీ రైతులు పశువులను తోలుకుని గేటు ముందుకు వచ్చేవాళ్ళు. పని చేయగల పశువును చేర్చుకోకూడదన్నది శాల కట్టుబాటు. అందువల్ల మంచి ఎద్దును కూడా కుంటిస్తూ తెచ్చేవాళ్ళు. గిట్టలో గులకరాయి ఇరికించి తెచ్చినవాణ్ణి కూడా చూశాను. రాయి తీసి చేతిలో పెట్టి పంపించాను. అతను కోప్పడలేదు. 'సరే సామీ' అని రాయిని జేబులో వేసుకుని ఎద్దును తోలుకుని పోయాడు. ఆ జోరు మీద నేను మంచి ఉద్యోగినని అనుకునేవాణ్ణి.

అటువంటి రోజుల్లో ఒక శుక్రవారం ఆమె వచ్చింది. యాభై ఏళ్ళుండవచ్చు. భర్త లేడు, పిల్లలు లేరు. వడమాలపేటకు ఇవతల, శాలకు ఏడు మైళ్ళ దూరంలో పల్లె. తోలుకొచ్చింది ఒక మైలెద్దు, బూడిదరంగుది. ముందుకాలు వంకర.

"బావి కాడ నీళ్ళు తోడే కపిలి తోలేటప్పుడు జారి పడిపాయ నాయనా," అంది. "పుత్తూరు కట్టు కట్టించినా. ఎముక అతుక్కున్యాది గానీ వంకరగా అతుక్కున్యాది. వాడు కుదురుగా ఉంటే గదా! మనిషికైతే పడుకోమని సెప్తాము, ఎద్దుకేం సెప్తాము?"

గిట్టలో రాయేమీ లేదు. చేర్చుకున్నాను. ఆమె పలుపు విప్పలేదు. ఎద్దు చెవి వెనక గోముగా గీరుతూ, "వీడు గుంపులో పడి తినలేడు. కుంటోడు. ముందర ఏస్తే తింటాడు. నేను వారం వారం వచ్చి సూస్తా. రావచ్చు గదా?" అని అడిగింది.

రావచ్చన్నాను. ఎవరూ రారని నాకు తెలుసు. ఆమె వచ్చింది. ప్రతి శుక్రవారం వాళ్ళ ఊరి నుంచి తిరుచానూరు అమ్మవారి గుడికి కనకాంబరాలు తెచ్చే పూలబండి ఉండేది. ఆ బండిలో నెత్తిమీది మోపు పెట్టి, తాను వెనక నడిచి వచ్చేది. మోపు నిండా పచ్చిగడ్డి. మా వైపు కసువు అంటాం. అంత కరువులో పచ్చికసువు ఎక్కడిదని అడిగితే, బావుల దరుల్లో, కాలవ గట్ల రాళ్ళ సందుల్లో వేళ్ళతో పీకి తెస్తానంది. చేతివేళ్ళు చూపించింది. గోళ్ళు లేవు, అరిగిపోయాయి.

ఎద్దు ముందు కూచుని పిడికెడు పిడికెడు అందించేది. దానితో ఊరి సంగతులు చెప్పేది. కూలివాళ్ళు నవ్వుకునేవారు. పెద్ద కాపరి నవ్వేవాడు కాదు. ఒకరోజు నేను, "ఇంటి దగ్గర ఇంకేమున్నాయి పెద్దమ్మా?" అని మాటవరసకు అడిగాను. "ఒక పెయ్య ఉండాది నాయనా. వచ్చే ఏడు ఎదకొస్తాది. అది ఈనితే నాకు ఒక దోవ," అంది. విన్నాను గానీ మనసులో పెట్టుకోలేదు.

రెండు నెలలు ఇలా గడిచాయి. ఒక మధ్యాహ్నం ఒక బండివాడు, సంతలో ఎవరూ కొనని ఆవొకటి అంటూ, ఎర్రావును తెచ్చి వదిలిపోయాడు. పెద్ద కాపరి దాని చుట్టూ ఒకసారి తిరిగాడు.

"దీని కండ్లు సూడు సామీ. నీళ్ళు కారతా ఉండాయి. ముట్టె ఎండిపొయ్యుండాది. దీన్ని దూరంగా యాడన్నా కట్టేస్తాము."

థర్మామీటరు పెట్టాను. వేడి కొంచెం ఎక్కువ చూపించింది. "ఎండలో పది మైళ్ళు నడిచింది. ఆ మాత్రం ఉంటుంది," అన్నాను.

"ఎండకు ఒగురుస్తాది గానీ, కన్నీళ్ళు పెట్టుకోదు సామీ."

దూరంగా కట్టడానికి ఒక కొట్టం ఉంది. కొత్తగా వచ్చిన పశువును పదిహేను రోజులు అందులోనే ఉంచాలి. అందుకే కట్టింది. అయితే ఆ వారమే ఎవరో దాతలు పంపిన వరిగడ్డిని నేనే అందులో వేయించాను. ఖాళీ చేయించాలంటే పూట పని. కూలివాళ్ళు అప్పుడే అన్నాలకు కూచున్నారు. "ఏం కాదు, మంద దగ్గరే కట్టెయ్," అన్నాను. ఆయన ఆవును తోలుకుపోయాడు. ఆ పూట నాకు బద్ధకం. దాన్ని నేను అనుభవం అనుకున్నాను.

మూడో రోజుకు ఆవు చొంగ కార్చింది. నోరు తెరిచి చూస్తే చిగుళ్ళ మీద తవుడు చల్లినట్టు తెల్లటి పుండ్లు. పారుడు మొదలైంది. ఆ వాసన ఒకసారి పీల్చినవాడికి పుస్తకం అక్కరలేదు. ముసర రోగం. టీకాలు వచ్చాక ఇప్పుడు మీకు కనబడడం లేదు గానీ, అప్పట్లో ఒక ఊళ్ళో అడుగు పెట్టిందంటే ఆ ఏడు అక్కడ నాగలి కదిలేది కాదు.

చిత్తూరికి తంతి కొట్టించాను. వైద్యుడు రోగం సోకకుండా సూదితో వేసే సీరం తీసుకుని వచ్చాడు. వచ్చింది తక్కువ, యుద్ధం రోజుల్లో ఆ మాత్రం దొరకడమే ఎక్కువ. గేటు మూయించి, బయటివాళ్ళెవరూ లోపలికి రాకూడదని, లోపలి పశువు బయటికి పోకూడదని ఉత్తరువు రాయించాడు. "అన్నిటికీ చాలదు. బతికి పనికొచ్చేవి ఏవో నువ్వే చూసి గుర్తుపెట్టు," అన్నాడు నాతో.

ఒక ముంతలో సున్నం కలుపుకుని బయల్దేరాను. సూది వేయాల్సిన దాని నుదుట సున్నంబొట్టు. వయసు ఆవులకు పెట్టాను. దూడలకు పెట్టాను. మైలెద్దు దగ్గరికి వచ్చేసరికి అది నా చేతిలో ఏదో తేలేదా అన్నట్టు ముట్టెతో ముంతను తడిమింది. దాని కాలు చూశాను. ముందుకు నడిచాను. ఆ నిర్ణయం తప్పని ఇప్పటికీ అనను. ఎవరున్నా అదే చేసేవారు. కానీ ఆ ఎద్దు ముట్టెకు అంటిన సున్నాన్ని నాలుకతో నాక్కోవడం నాకు గుర్తుంది.

ఆ మర్నాడే శుక్రవారం. ఆమె వచ్చి గేటు బయట నిలబడింది. జబ్బు సంగతి చెప్పాను. గేటు తీసేదాకా రావద్దన్నాను.

"మావాడికి?"

"వాడికి రాలేదు. బాగుండాడు."

అప్పటికి అది నిజమే. మోపు గేటు మీదుగా అందించి వెళ్ళిపోయింది.

పై శుక్రవారానికి మైలెద్దు కళ్ళు కూడా కారాయి. ఆమె రాదనుకున్నాను. వచ్చింది. "మేస్తా ఉండాడా?" అని అడిగింది. "మేస్తా ఉండాడు," అన్నాను. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట! రెండు రోజులకు, ఆదివారం పొద్దున, ఎద్దు పడిపోయింది. పెద్ద కాపరి దాని నోట్లో ఇన్ని నీళ్ళు పోశాడు. మధ్యాహ్నానికి పోయింది. ఆ రోజు పోయినవాటిలో అదొకటి. శాల వెనక లోతుగా తవ్విన గుంతలో సున్నం చల్లి అన్నిటితో పాటే కప్పాం.

మూడో శుక్రవారం చెప్పాలనే గేటు దగ్గరికి వెళ్ళాను. ఏడు మైళ్ళు నడిచి వచ్చిన మనిషి. పాదాల మీద దుమ్ము. మోపు దించి, కొంగుతో ముఖం తుడుచుకుని, "ఎట్టుండాడు నాయనా?" అంది.

"బాగుండాడు."

"నేను తెచ్చేది వాడికే ఏస్తా ఉండారా? అందరికీ పంచేస్తా ఉండారా?"

"వాడికే."

ఆమె సంతోషంగా వెళ్ళింది. నేను వెనక్కి తిరిగితే పెద్ద కాపరి నిలబడి ఉన్నాడు.

"సెప్పెయ్ సామీ," అన్నాడు.

"ఇంత దూరం నడిచి వచ్చిన మనిషికి ఎట్టా సెప్పేది? వచ్చే వారం సెప్తాలే."

"వచ్చే వారం గూడా నడిసే వస్తాది గదా."

నాకు కోపం వచ్చింది. నీ పని చూసుకోమన్నాను. ఆయన మోపు ఎత్తుకుని లోపలికి పోయి మిగిలిన ఆవుల ముందు విదిలించాడు.

నాలుగో శుక్రవారమూ అంతే, ఐదో శుక్రవారమూ అంతే. మోపు చిన్నదవుతూ వచ్చింది. చూసి నాకు నిమ్మళం కలిగింది. ఇక గడ్డి దొరకడం లేదు, తానే మానేస్తుంది, నేను చెప్పే అవసరం రాదు అనుకున్నాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. అయినా అప్పుడు నేను అనుకున్నది అదే.

ఆ తరవాతి వారం వైద్యుడు వచ్చి, కొత్తగా ఏ పశువుకూ జబ్బు లేదని చూసి, శుక్రవారం గేటు తీయమన్నాడు. ఎన్ని పోయాయో నేను లెక్కపెట్టలేదు. పెద్ద కాపరి లెక్కపెట్టాడు, నాకు చెప్పలేదు, నేను అడగలేదు.

ఆ శుక్రవారం పొద్దు కొంచెం ఎక్కాక ఆమె వచ్చింది. చంకలో చిన్న మోపు, చీపురుకట్ట అంత. గేటు తెరిచి ఉండడం చూసి ఎవరినీ అడగకుండా నేరుగా ఎద్దు ఉండే చోటికి నడిచింది. అక్కడ గుంజ ఉంది, నేల మీద సున్నం ఉంది. గుంజ చుట్టూ చూసి, పక్క వరసలోకి చూసి, నా వైపు తిరిగింది.

"యాడికి మార్చినారు నాయనా?"

చెప్పాను. మళ్ళీ చెప్పమంది. మళ్ళీ చెప్పాను.

"ఎబ్బుడు?"

"నువ్వు రెండోసారి గేటు కాడికి వచ్చినావు సూడు, ఆ పై ఆదివారం."

ఏడుస్తుందనుకున్నాను. ఆమె వేళ్ళు ముడిచి లెక్కపెట్టింది. "మూడోది, నాలుగోది, ఐదోది. ఇది. నాలుగు మోపులు," అంది. చంకలో మోపు నేలకు దించి, దాని పక్కన చతికిలబడింది.

"మొన్న బుధవారం పెయ్య పండుకొనింది. లేయలా. కొమ్ములు పట్టి లేపినా, తోక పట్టి లేపినా. లేయలా. దానికి ఎండుటాకులేసి, పచ్చిదంతా కోసి ఈడికి మోసినా. కుంటోడు గదా, వాడికి వేరే దిక్కులేదు, పెయ్య సిన్నది, ఎట్టో బతుకుతాదిలే అనుకుంటి." మోపులోంచి ఒక పోచ లాగింది. "సచ్చినాడని ఒక్క మాట సెప్పింటే, ఇంటికి పోయి ఏడ్సి, ఆ కసువు పెయ్యకేసుకుందును గదప్పా."

"నీ మనసు కష్టపడుతుందని సెప్పలేదు పెద్దమ్మా," అన్నాను.

ఆమె తల ఎత్తి చూసింది. కోపం కూడా లేదు ఆ చూపులో. నేను ఏం మాట్లాడుతున్నానో అర్థం కానట్టు చూసింది.

"నా మనసా? నా మనసుతో నీకేం పని? నేను అడిగింది ఎద్దు సంగతి."

లేచి వెళ్ళిపోయింది. పెద్ద కాపరి గేటు దాకా వెంట వెళ్ళాడు. ఏం మాట్లాడుకున్నారో తెలియదు. ఆయన తిరిగి వచ్చి ఆ చిన్న మోపును చాలాసేపు అక్కడే ఉంచాడు. తరవాత గుర్రానికి వేశాడు.

ఆ పూటే ఆయన దగ్గర కూచుని, ఎవరెవరి పశువులు పోయాయో, వాళ్ళలో ఎవరు మళ్ళీ అడుగుతామని చెప్పి వెళ్ళారో గుర్తు చేసుకున్నాను. అడిగేవాళ్ళు నలుగురైదుగురే. ఆ నెలలో వాళ్ళ ఊళ్ళకు నడిచి వెళ్ళి చెప్పాను. ఒకతను 'సరేలే' అన్నాడు. ఒకామె తిట్టింది. ఆ తిట్లు నాకు హాయిగా అనిపించాయి, ఎందుకంటే ఆమె తిట్టాక కాసేపు ఊపిరాడింది. మైలెద్దు పెద్దమ్మ ఊరికి మాత్రం వెళ్ళలేదు.

మరుసటి ఏడు వానలు పడ్డాయి. శాలలో వదిలిన ఒక ఆవుకు పుట్టిన పెయ్య ఉండేది. ముసర రోగంలో సున్నంబొట్టు పెట్టించుకుని బతికింది, ఇప్పుడు నిగనిగలాడుతోంది. శాల నుంచి పశువును ఎవరికీ ఇవ్వరు. నేను ధర్మకర్తల చుట్టూ తిరిగి, జరిగింది సగం చెప్పి, సగం మింగి, ఆ ఒక్కదానికి అనుమతి తెచ్చుకున్నాను. పెద్ద కాపరిని తోడు రమ్మన్నాను. "నీ పని సామీ అది," అన్నాడు.

తెల్లవారుతుండగా బయల్దేరి ఏడు మైళ్ళు పెయ్యను నడిపించుకుంటూ వెళ్ళాను. ఆమె ఇంటి ముందు వేరుసెనగ కాయలు వలుస్తూ ఉంది. నన్ను గుర్తుపట్టింది. "రా నాయనా," అంది. పెయ్యకు తొట్టిలో నీళ్ళు పోసింది. అది తాగుతుంటే వీపు నిమిరింది, పళ్ళు చూసింది, తోక కుచ్చు చూసింది.

"మంచి పెయ్య. ఎవురిది?"

"నీకే తెచ్చినా."

ఆమె చెయ్యి తీసేసింది. చెయ్యి కొంగుకు తుడుచుకుని అరుగు మీద కూచుంది. చాలాసేపు కాయలు వలిచింది.

"వద్దు నాయనా. ఇది నా ఇంట్లో ఉంటే నీకు బరువు దిగుతాది. నాకు ఎక్కుతాది. పొద్దున్నే లేసి దీని మొగం సూస్తే నాకు ఆ రెండూ గుర్తొస్తాయి. తోలుకోని పో. ఎండెక్కితే దాని కాళ్ళు కాలతాయి."

బతిమాలాను. ఆమె లోపలికి వెళ్ళింది. ఒక గిన్నెలో మజ్జిగ తెచ్చి నా ముందు పెట్టింది. తాగాను. పగ్గం పట్టుకుని లేచాను.

ఊరు దాటాక పుత్తూరు రోడ్డు మీద ఒక ముసలాయన ఖాళీ బండి తోలుకుంటూ ఎదురొచ్చాడు. పెయ్యను చూసి బండి ఆపాడు.

"అమ్మేదానికాబ్బా?"

"కాదన్నా. ఒకామెకు ఇద్దామని తోలుకొస్తిని. వద్దనింది."

"ఇంత మంచి పెయ్యను వద్దనిందా? ఎందుకు?"

ఏదో ఒకటి చెప్పి పోవచ్చు. ఎవరో తెలియని మనిషి. కానీ నిలబడి అంతా చెప్పాను. ఎర్రావు సంగతి, వరిగడ్డి వేసిన కొట్టం సంగతి, సున్నంబొట్టు, ఎద్దు పోయాక వచ్చిన నాలుగు మోపులు, బుధవారం లేవని పెయ్య. సగం మింగకుండా మొదటిసారి చెప్పాను. ఎద్దులు తోకలతో ఈగలు తోలుకుంటూ నిలబడ్డాయి.

అంతా విని, "అయితే ఎద్దు జబ్బుతో పాయ," అన్నాడు. "పెయ్య నీ చేత పాయ."

"అవునన్నా," అన్నాను.

ఆయన తల ఊపి, ఎద్దులను అదిలించి వెళ్ళిపోయాడు. నేను పెయ్యను తోలుకుని శాల దారి పట్టాను.